చాలా బాగుంది, సంతోషం

విశాఖ మామయ్య పోయాడన్న కార్డు మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో రాత్రి 11 గంటలకి పడింది. తెల్లవారి ఆరుంబావుకి దాని కింద తెనాలి బాబాయి జవాబు: "చాలా బాగుంది. సంతోషం."

43 మంది ఉన్న గ్రూపు. అక్కడ ఒక్కరూ కిక్కురుమనలేదు. విడివిడిగా మాత్రం ఫోన్లు మోగిపోయాయి. మామయ్య అంటే నాన్నకీ బాబాయికీ మేనత్త కొడుకు. రెండు సెంట్ల గట్టు దగ్గర తగాదా వచ్చి, బాబాయికీ ఆయనకీ 11 ఏళ్లుగా మాటల్లేవు. "పోయినవాడి మీద కూడానా కక్ష?" అంది ఒక పెద్దమ్మ. "చూపుతో పాటు బుద్ధి కూడా పోయింది" అన్నాడొక అన్నయ్య. పెద్దకర్మకి కూడా బాబాయి రాకపోయేసరికి ఇంక తీర్పు ఖాయమైపోయింది. నిజం చెప్పొద్దూ, నేనూ అదే అనుకున్నాను.

వెళ్లి నిలదీసే పని నాకు పడింది. బాబాయి దగ్గర చనువుంది. పైగా నా ఉద్యోగం కూడా ఆ బాపతుదే. మాదాపూర్‌లో ఒక కంపెనీలో యాక్సెసిబిలిటీ చూస్తాను. అంటే వెబ్‌సైట్లూ యాప్‌లూ వీడియోలూ చూపు లేనివాళ్లకీ, వినపడనివాళ్లకీ, చెయ్యి ఆడనివాళ్లకీ, తెర పగిలిన పాత ఫోనుతో నెట్టుకొచ్చేవాళ్లకీ పనికొస్తున్నాయా లేదా అని చూడటం, పనికిరాకపోతే తయారుచేసినవాణ్ని పీక్కుతినడం. 2012లో ఈ పనికంటూ ప్రపంచంలో ఒక దినం మొదలైంది. ఏటా మే మూడో గురువారం జరుపుతారు. మామయ్య పోయింది సరిగ్గా ఆ రోజే. ఆ మధ్యాహ్నం ఆఫీసులో 200 మందికి ఉపన్యాసం దంచి ఇంటికొచ్చాక నాకు కబురు తెలిసింది.

ఉపన్యాసంలో నాకో పల్లవి ఉంది: "బొమ్మ పెట్టావా, పక్కన మాట పెట్టు." సొంత కవిత్వమేం కాదు. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూత్రీసీ వాళ్లు 1999లో రాసిన మార్గదర్శకాల్లో మొట్టమొదటి సూత్రం అదే. ఎన్నిసార్లు తిరగరాసినా ఇవాళ్టికీ మొదటి సూత్రం అదే. నా బల్ల మీదికొచ్చే తప్పుల్లో సగం దాన్ని మరిచిపోయినవే.

బాబాయి వసారాలో పడక్కుర్చీలో ఉన్నాడు, ఫోను చెవికి ఆనించుకుని. తెలుగు మాస్టారుగా రిటైరయ్యాడు. నీటికాసులు చూపుని అంచుల నుంచి కొరుక్కుంటూ వచ్చి, ఆరేళ్ల కిందట నడిమధ్య మిగిలిన కాస్తా కూడా పట్టుకుపోయాయి. ఇప్పుడు టాక్‌బ్యాకే దిక్కు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఊరికే వచ్చేదే. వేలు కుడికి జరిపితే తర్వాతి సంగతి చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుస్తుంది. బాబాయి దాన్ని పరిగెత్తించే వేగానికి నా చెవికి ఒక్క ముక్క అందదు. పెళ్లి ముహూర్తం దాటిపోతుంటే పురోహితుడు మంత్రాలు చదివినట్టుంటుంది.

"ఏరా, మంచిసమయానికొచ్చావు. ఇది విను" అన్నాడు. టీచర్ల సంఘం వాళ్లు పంపిన పత్రిక. ఫోను ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వాగుతోంది. "మీ పిన్ని చూసి తెలుగే అంటుంది. చెవికేమో ఇలా. గుణాఢ్యుడు బృహత్కథ రాసిన పైశాచి ఇదేనేమోరా."

"ప్రెస్సు వాళ్ల అనూ ఫాంట్లు బాబాయ్. పైకి తెలుగు రూపం, లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరం. యూనికోడ్‌లో ఉంటే చదివేది."

"మీ అక్క గుత్తొంకాయ వీడియో పెట్టింది. మొదట్నుంచి చివరిదాకా ఒకటే పాట, మాట లేదు. ఆఖర్న నూనె చిటపట. ఏదో వేగిందని మాత్రం తెలిసింది."

నవ్వొచ్చింది కానీ నేనొచ్చిన పని వేరు. గొంతు సవరించుకున్నాను. "దానికీ చాలా బాగుంది, సంతోషం అని పెట్టావు. అన్నిటికీ అదేనా?"

"మరేం పెట్టమంటావు? రోజూ ఆరింటికి గ్రూపు తెరుస్తాను. ఫోటో. ఫోటో. ఫోటో. అంతకు మించి చెప్పదు. కొత్త ఫోన్లు బొమ్మని చూసి వర్ణిస్తున్నాయటగా, నాది ముసలిది. ఏ దేవుడో, ఎవరి పుట్టినరోజో, శుభోదయమో. పలకకపోతే పెట్టినవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. ఆ రెండు మాటలూ దేనికైనా అతుకుతాయి."

నా అరికాళ్లు చల్లబడ్డాయి. "కింద అందరూ చేతులు జోడించారు కదా. అది చదువుతుందిగా?"

"వెంకన్నబాబు పటానికీ అవే చేతులు. ఇంతకీ దేని సంగతి నువ్వు మాట్లాడేది?"

చెప్పాను.

చాలాసేపు ఏమీ అనలేదు. లోపల పిన్ని గిన్నెల చప్పుడు ఆగింది. ఆవిడది బటన్ల ఫోను, గ్రూపుల్లేవు.

"ఎప్పుడు?"

"పదిహేను రోజులైంది."

"ఒక్కళ్లూ ఫోన్ చెయ్యలేదేంరా?"

"గ్రూపులో పెట్టాం కదా అనుకున్నారు. ఆ తర్వాత... నీ జవాబు చూసి చెయ్యలేదు."

"దానికేమన్నాను నేను?"

నా చేత మళ్లీ అనిపించాడు, ఆ రెండు మాటలూ.

మౌనం భరించలేక ఏదో ఒకటి మాట్లాడాలని చట్టం ఎత్తుకున్నాను. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చిందనీ, డిజిటల్ సేవలు అందరికీ అందడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తేల్చేసిందనీ. బాబాయి తల ఊపాడు, పాఠం అప్పజెప్పే పిల్లాణ్ని పోనీలే అని విన్నట్టు.

"ఆ కార్డు ఎలా ఉంది?"

"బాగానే ఉంది. చుట్టూ బంతిపూల దండ. నల్లటి నేపథ్యం మీద తెల్లక్షరాలు. అక్షరానికీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5కి 1 ఉండాలంటారు. దీనిది 21కి 1. అంతకన్నా స్పష్టంగా ఉండటానికి వీల్లేదు."

"దాని కింద 'బావ పోయాడు' అని రెండు మాటలు కొట్టి ఉంటే?"

"ఫోను చదివేది."

"ఎవడ్రా పెట్టింది? కాస్త వాడిక్కూడా నేర్పకూడదూ. ఊళ్లోవాళ్లందరికీ నేర్పుతావటగా."

నేను వసారా చివర తులసికోట వైపు చూస్తూ కూర్చున్నాను. బాబాయి ఫోను అందుకుని వేలితో వెనక్కి, ఇంకా వెనక్కి జరుపుతూ పోయాడు. పదిహేను రోజుల శుభోదయాలు దొర్లిపోయాయి. నాకూ వినపడాలని కాబోలు, మధ్యలో ఆగి వేగం బాగా తగ్గించాడు.

ఫోను ముందు నా పేరు చదివింది, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. తర్వాత "ఫోటో" అంది.