ఆర్ట్స్ కాలేజీ రాయిని

నేను గులాబీ ఛాయ గ్రానైటు రాయిని. హైదరాబాదులో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ గోడలో ఉంటాను. నా వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఈ రంగు నాలోని ఫెల్‌స్పార్ ఖనిజం ఇచ్చింది. అంత కాలం గుట్టలో ఉన్న నాకు మనుషులతో పరిచయం నిన్నమొన్నటిదే. రాళ్లు కొట్టేవాళ్లు వచ్చి, వరసగా గుంటలు తొలిచి, ఇనుప చీలలు దించి సమ్మెటతో మోదారు. నాలో చీలిక ఎటు పోతుందో వాళ్లకు తెలుసు. ఏ పుస్తకం చదవకుండా రాయిని చదివినవాళ్లు. వాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

పునాది 1934 జూలై 5న పడింది. 1939 డిసెంబరు 4న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ భవనాన్ని ప్రారంభించారు. పునాదికి ముందే, భవనం ఎలా ఉండాలో తేల్చడానికి జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసొచ్చారు. నమూనా బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌ది. అజంతా, ఎల్లోరాలను తలపించే స్తంభాలూ, పెద్ద ముఖద్వారం కమానూ ఇక్కడ ఒకే చోట చూడొచ్చు. ఉర్దూలో పాఠాలు చెప్పడానికి పుట్టిన విద్యాలయమిది. తర్వాత ఎన్ని భాషల పాఠాలు, ఎన్ని ఉద్యమాల నినాదాలు విన్నానో!

పాతదాన్ని ముట్టుకోవద్దని నేను అనను. పిల్లలకు నెట్ కావాలి, మంచి వెలుతురు కావాలి, శుభ్రమైన మరుగుదొడ్లు కావాలి. చక్రాల కుర్చీలో వచ్చిన విద్యార్థి మెట్ల దగ్గరే ఆగిపోతే నా అందం ఎవరి కోసం? ర్యాంపు వేయండి, లిఫ్టు పెట్టండి. అయితే ఎక్కడ, ఎలా అన్నది ఆలోచించి చేయండి.

పాత రాతి గోడకు చేటు ఎక్కువగా చిన్న పనుల వల్లే. తీగ కోసం రాయిలో డ్రిల్లు దించి ఇనుప మేకు కొడతారు. అది తుప్పు పట్టి ఉబ్బుతుంది, లోపలి నుంచే రాయిని పగలగొడుతుంది. అదే మేకు రెండు రాళ్ల మధ్య అతుకులో కొడితే, రేపు పీకేసి మళ్లీ పూడ్చుకోవచ్చు. రాయికి పడ్డ కన్నం పూడదు. సున్నంతో కట్టిన గోడల అతుకుల్లో సిమెంటు నింపడం మరో ముప్పు. సున్నం తడిని బయటికి వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే బిగించేస్తుంది. అతుకులో దారి దొరకని ఆ తడి రాయి ముఖం మీదికి వచ్చి పొరలు లేపుతుంది.

కొత్తగా పెద్ద ప్రయోగశాలలు కావాలంటే, వాటికి ఈ ఆవరణలో వేరే చోటు ఉంది. నా లోపల జరిగే పనులకు టెండరు రాసే ఇంజనీర్లకు ఒక్క విన్నపం: రాయికి కన్నం పెట్టరాదని, కొత్తగా బిగించినది రేపు రాయి చెడకుండా తీయగలిగేలా ఉండాలని ఆ కాగితంలోనే రాయండి. పని మొదలయ్యే ముందు రాతిపని తెలిసిన మేస్త్రీని పిలిచి గోడ చూపించండి.