మీటరు మామది, కాపురం ఎవరిది?

తాడిపత్రిలో కొత్తకోడలు అత్తగారింట్లో కాలు పెట్టిన గంటలో, ఆమె పుట్టినూరేదో, ఏం చదివిందో, మెడలో ఎన్ని తులాలున్నాయో వీధి మొత్తానికీ తెలిసిపోతుంది. పాలాయన మర్నాటి నుంచే పావులీటరు ఎక్కువ పోస్తాడు. ప్రభుత్వానికి మాత్రం ఆమె ఆ ఇంట్లో ఉంటున్నట్టే తెలియదు. కరెంటు మీటరు మామ పేరున ఉంది. ఇంటిపన్ను ఆయన తండ్రి పేరున ఉంది, ఆ పెద్దాయన పోయి ఏళ్లయింది. పోయినాయనకు అడ్రసుంది, ఉన్న కోడలికి లేదు.

మొగుడు విదేశంలో ఉంటే ఈ తమాషా ముదురుతుంది. వీసాకు పాస్‌పోర్టు, పాస్‌పోర్టుకు అడ్రసు ప్రూఫు, దానికి ఆధార్. ఆధార్‌లో పుట్టింటి అడ్రసు మార్చడానికి బ్యాంకు పాస్‌బుక్కు తెమ్మంటారు. బ్యాంకుకు పోతే, "ముందు ఆధార్ మార్చుకోని రాపోమ్మా" అంటారు.

ఈ గానుగ చుట్టూ తిరగలేని వాళ్ల కోసం 2023 జనవరిలో ఆధార్ సంస్థ ఒక దారి తెరిచింది. రుసుము కట్టి కుటుంబ పెద్ద ఆధార్ నెంబరు ఇస్తే, ఆ పెద్ద ఫోనుకు కబురు పోతుంది. 30 రోజుల్లోగా ఆమోదించవచ్చు, తిరస్కరించనూ వచ్చు. మొగుడే ఆ పెద్ద కావచ్చు గానీ, దుబాయి పోయినాయన ఇక్కడి సిమ్ము ఎన్నడో ఆగిపోయి ఉంటుంది. ఇక మిగిలింది అత్త. అత్తాకోడళ్ల చరిత్రలో ఒక వైపుకు ఇంతటి ఆయుధం ఇదివరకు ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు. ఉగ్గానిలో ఉప్పు ఎక్కువైన పొద్దున ఆ మెసేజ్ రాకుండా చూసుకోవడం కోడలి బాధ్యత.

అమెరికా ఇంకా శ్రద్ధగా అడుగుతుంది. వలస వీసా ఫారం డీఎస్-260లో, పదహారేళ్లు నిండినప్పటి నుంచి ఎక్కడెక్కడ ఉన్నారో అన్నీ రాయాలి. సీమ పిల్లలు పదహారేళ్లకు ఇంట్లో ఎక్కడుంటారు? ఇంటర్ హాస్టలు, బీటెక్ హాస్టలు, తర్వాత అమీర్‌పేటలో నాలుగు మంచాల గది. ఆ హాస్టళ్లలో కొన్ని ఈపాటికి బిర్యానీ హోటళ్లయి ఉంటాయి. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో అంత పెద్ద అమెరికన్ కాన్సులేట్ ఉన్నా, ఈ వీసా ఇంటర్వ్యూకు ముంబై పోవాలి. తాడిపత్రి ముంబై-చెన్నై రైలు మార్గంలోనే ఉండడం ఒక్కటే ఊరట.

బ్రిటన్ పద్ధతి వేరు, అక్కడ గదులు కొలుస్తారు. అత్తమామలతో కలిసి ఉండే జంట, ఆ ఇల్లు కిక్కిరిసి లేదని చూపాలి. అందుకు 1985 నాటి హౌసింగ్ చట్టం లెక్క ఒకటుంది. ఏడాది లోపు బిడ్డ లెక్కలోకి రాదు, పదేళ్ల లోపు పిల్లలు సగం మనుషులు. హాలు కూడా పడకగదే. ఎండాకాలం మిద్దెమీద పక్కలు పరుచుకునే తాడిపత్రి వాళ్లకు అందులో చోటెక్కడో ఆ చట్టం చెప్పలేదు.

అక్కడ వీసా గడువు పొడిగించుకునేటప్పుడు, కలిసే ఉంటున్నట్టు రెండేళ్ల పొడవునా వచ్చిన ఆరు ఉత్తరాలు చూపాలి, అవీ కనీసం మూడు వేర్వేరు చోట్ల నుంచి రావాలి. కౌన్సిల్ ట్యాక్సూ గ్యాసు బిల్లూ మామ పేరున వచ్చే ఇంట్లో కొడుక్కీ కోడలికీ ఉత్తరాలు రాసేదెవరు?

దొంగ పెళ్లిళ్లను ఆపడానికే ఇదంతా అంటారు. దొంగ పెళ్లిళ్లున్న మాట నిజమే. అయితే దొంగ పెళ్లి చేసుకునేవాడు మొదట తెరిచేది జాయింటు అకౌంటు, మొదట రాయించేది అద్దె ఒప్పందం. అతని ఫైలులో ఒక్క కాగితం తక్కువుండదు. పప్పు రుబ్బుతూ, మామకు మాత్రలిస్తూ నిజంగా కాపురం చేసే మనిషి ఫైలే బోసిగా ఉంటుంది. కాపురానికి రసీదులు దాచుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

చివరికి ఏదో ఒక తెలివైన బంధువు ఉపాయం చెబుతాడు: స్టాంపు పేపరు మీద మామకూ కోడలికీ అద్దె ఒప్పందం. ఇందులో వింతేం లేదు, హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు కోసం ఏటా సొంత తండ్రికి అద్దెదారులయ్యే సాఫ్ట్‌వేర్ కొడుకులు మన దగ్గర బోలెడు మంది. ఒప్పందంలో నెల అద్దె, అడ్వాన్సు, ఖాళీ చేయడానికి రెండు నెలల నోటీసు అన్నీ పద్ధతిగా రాస్తారు. సాక్షి సంతకం అత్తది. నోటీసు షరతు దగ్గర మాత్రం ఆమె కళ్లజోడు తెప్పించుకుని రెండోసారి చదువుతుంది.