మహా ఆల్బమ్ ఎక్కడం లేదా? ఇలా చేయండి

లోకమంతా ఆహా అంటున్న ఆల్బమ్ మీకు ఎక్కడం లేదంటే లోపం ఆల్బమ్‌లో ఉండదు, మీలోనే ఉంటుంది. ముందు ఇది ఒప్పుకోండి, మిగతా వైద్యం తేలిక. రావికమతంలో ఉన్నామని దిగులొద్దు. చోడవరం నుంచి నర్సీపట్నం వెళ్లే బస్సు ఆగే ఊళ్లో రసజ్ఞత కూడా దిగుతుంది, కాస్త ఆలస్యంగా.

ఇళయరాజా 1986లో తెచ్చిన 'హౌ టు నేమ్ ఇట్'తో మొదలుపెట్టండి. త్యాగరాజుకూ పాశ్చాత్య స్వరకర్త బాక్‌కూ కలిపి నివాళిగా ఇచ్చిన వాద్య సంగీతం. హీరో లేడు, హీరోయిన్ లేదు, వానపాట అసలే లేదు. రెండో నిమిషానికి ఆవలింత వస్తే పళ్లు బిగబట్టండి. వైలిన్ బాగున్నట్టే ఉంటుంది గానీ, అంతలో చెరకు తోటలో మోటారు కట్టామా లేదా అని మనసు అటు పోతుంది. పోనివ్వకండి. మోటారు తర్వాత చూసుకోవచ్చు, నీళ్లు పక్క మడిలోకి పోతే పోనీ. సంగీతం హాయి కోసమని మీకెవరు చెప్పారు? ఇది పరీక్ష. మొదటిసారి ఎక్కకపోతే పదిసార్లు వినండి. పదిసార్లకీ ఎక్కకపోతే ఎక్కిందని చెప్పండి.

చెప్పడంలోనే ఉంది విద్యంతా. టీ కొట్టు దగ్గర మీ బావ ఇయర్‌ఫోన్ ఒకటి లాక్కుని తన చెవిలో పెట్టుకుంటాడు. కాసేపు విని, 'ఇందులో ఏటుంది బావా?' అంటాడు. కంగారు పడొద్దు. 'ఇక్కడ కొంచెం ఖరహరప్రియ ఛాయ తగుల్తోంది చూశావా' అనండి. రాగం పేరు సూటిగా చెప్తే ఎవరో ఒక మాస్టారు పట్టేస్తారు; ఛాయ అంటే ఏ మాస్టారూ పట్టలేరు. 'ఎక్కడ?' అని రెట్టిస్తే కళ్లు మూసుకుని చెయ్యి గాల్లోకి లేపండి. 'అదిగో, పోయింది' అనండి.

'శంకరాభరణం' విషయంలో మాత్రం జాగ్రత్త. 1980లో వచ్చిన ఆ సినిమా పాటలు మీ అమ్మమ్మకీ వచ్చు, ఛాయలు పనిచెయ్యవు. ఇంకో చిక్కు కూడా ఉంది. పద్ధతిగా శాస్త్రీయ సంగీతం నేర్చుకోని బాలసుబ్రహ్మణ్యం ఆ పాటలు పాడి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. ఈ సంగతి ఎవరికీ చెప్పకండి. పాట ఆనందించడానికి పెద్ద చదువు అక్కర్లేదేమోనని సామాన్యులకు ధైర్యం వచ్చేస్తుంది. అక్కడితో మన దుకాణం బంద్.

తర్వాత విదేశీ సరుకు. జాజ్ సంగీతకారుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బమ్‌ని 1959లో రెండంటే రెండు రోజుల్లో రికార్డు చేశారు. వాళ్లకు రెండు రోజులు పట్టినదానికి మీకు రెండేళ్లయినా పట్టకపోతే మర్యాదగా ఉండదు.

మీ ఇష్టాన్ని మాత్రం ఎప్పుడూ జాబితాకి అప్పగించి ఉంచండి. 2003లో రోలింగ్ స్టోన్ పత్రిక 500 గొప్ప ఆల్బమ్‌ల లెక్క తీసి, బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్స్'కి మొదటి స్థానం ఇచ్చింది. పాపం, ఎంతమంది కష్టపడి దాన్ని ప్రేమించి ఉంటారో! 2020లో అదే పత్రిక దాన్ని 24కి దించి, మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్'ని పైన కూర్చోబెట్టింది. ఆల్బమ్‌లో ఒక్క స్వరం మారలేదు. అయినా సరే, మీరు మారాలి. కొత్త జాబితా వచ్చిన రోజే పాత ప్రేమను 23 మెట్లు దించండి.

ఇక అన్నిటికన్నా కష్టమైనది. ఊళ్లో జాతరకి తప్పెటగుళ్ల వాళ్లు వస్తారు. గుండెల మీద రేకు తప్పెట, రెండు చేతులా వాయిస్తూ, కాళ్ల గజ్జెలు ఘల్లుమంటూ గిరగిరా తిరుగుతారు. ఒకరి భుజాల మీద ఒకరెక్కి కూడా దరువు తప్పరు. మీ కుడి కాలు దానంతటదే ఆడుతుంది. అదే ప్రమాదం! దీనికి రేటింగ్ లేదు, సమీక్ష లేదు, ఏ జాబితాలో ఎన్నో నంబరో తెలీదు. తెలియకుండా బాగుందని ఎలా అంటాం? చెప్పు బిగించి తొక్కిపట్టండి. అదే జాతరలో జానపద కవి వంగపండు పాట ఎవరైనా ఎత్తుకుని, మీకూ గొంతు కలపాలనిపిస్తే దగ్గండి. ఎవరైనా చూస్తే 'జానపదం మీద చిన్న పరిశీలన' అని సర్దుకోండి. ఇంటికెళ్లి తలుపేసుకుని గంతులేస్తే అది మీ సొంత విషయం.

ఇవన్నీ పాటిస్తే ఆర్నెల్లు తిరక్కుండా మండలంలో మీకు సంగీతం తెలిసినవాడని పేరు ఖాయం. ఆ తర్వాత ఎవరింట్లోనో పెళ్లికి మైక్ సెట్ వాడు ఫోన్ మీ చేతికిచ్చి, 'మీకు బాగా ఇష్టమైన పాట ఒకటి పెట్టండి బాబూ' అంటాడు. అప్పుడేం పెట్టాలో మాత్రం నన్ను అడగొద్దు.