మొక్కు వేరు, ఓటు వేరు

మా రోజుల్లో విడపనకల్లు పక్క ఎలక్షన్లొస్తే సందడంతా రచ్చకట్ట కాడే. జీపుకు మైకు కట్టుకొని వచ్చేవాళ్లు. కాలువ నీళ్లు, కరువు పనులు, శెనక్కాయల ధర గురించి మాట్లాడి పోయేవాళ్లు. రాత్రయితే భజన మందిరంలో చెక్కభజన మామూలుగా సాగేది. పక్కపక్కన నిలబడి చెక్కలు వాయించేవాళ్లలో ఒకడు కాంగ్రెస్సు, ఒకడు కమ్యూనిస్టు. దేవుని ముందర ఆ ఊసే వచ్చేది కాదు.

మా పెద్దలు 1952 నాటి మాట చెప్పేవాళ్లు. మద్రాసు శాసనసభ ఎన్నికల్లో తరిమెల నాగిరెడ్డి జైల్లో ఉండి పోటీ చేసి, అనంతపురంలో నీలం సంజీవరెడ్డి అంతటాయన్ని ఓడించినాడు. కమ్యూనిస్టుకు ఓటేసినోళ్లంతా దేవుణ్ణి నమ్మనోళ్లా? కసాపురం ఆంజనేయస్వామికి ఒక్కపొద్దులుండే జనమే, పెన్నహోబిలం నరసింహస్వామి తేరు లాగే జనమే ఈ జిల్లాలో ఉండేది. వాళ్లు మొక్కు దేవునికి చెల్లించినారు, ఓటు మనిషికి వేసినారు.

ఇంక పీర్ల పండగ సంగతి. గూగూడు కుళ్లాయిస్వామి కాడికి పోయి చూడండి. అగ్గిగుండం తొక్కేవాళ్లలో హిందువెవరో ముస్లిమెవరో తెలీదు. హిందువుల ఇళ్లల్లో కుళ్లాయప్పలున్నారు, ఫక్కీరప్పలున్నారు. ఆ కుళ్లాయప్ప ఓటు ఏ మతం లెక్కలో పడుతుందని అప్పట్లో ఏ పార్టీవాడూ అడగలేదు.

1983 ఎన్నికలకు ఎన్టీ రామారావు చైతన్యరథమెక్కి వచ్చినప్పుడు మా ఆడోళ్లు హారతులు పట్టిన మాట నిజం. సినిమాల్లో రాముడూ కృష్ణుడూ ఆయనే కదా. అయినా పేదింటి ఓటు పడింది కిలో రెండు రూపాయల బియ్యానికి. తర్వాత ఆయన కాషాయం కట్టినాడు. ఆ బట్టల్ని చూసి జనం ఆగినారా? 1989లో గద్దె దింపినారు. అదే ఎన్నికల్లో అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న హిందూపురంలో ఆయన్నే గెలిపించినారు. భక్తునికి లెక్క తెలీదనుకోవడం పార్టీల పొరపాటు.

ఇప్పుడో? 2020 చివర్లో రామతీర్థంలో రాముని విగ్రహాన్ని ఎవరో ధ్వంసం చేస్తే, అధికార పక్షం, ప్రతిపక్షం ఒకే రోజు కొండకు పరిగెత్తినాయి. 2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యి మీద రచ్చ మొదలైంది. కల్తీ జరిగిందా లేదా తేల్చాల్సింది విచారణ. అది తేలకముందే మైకులు పట్టుకున్నారు. దేవుళ్లను రాజకీయాలకు దూరంగా పెట్టండని చివరికి సుప్రీంకోర్టు జడ్జీలు చెప్పాల్సొచ్చింది. కోట్లమంది కళ్లకద్దుకొని తినే ప్రసాదం ఎన్నికల సామాను అయింది. ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

మా రోజుల్లో కాణిపాకం వినాయకుని ముందర ప్రమాణం అంటే తప్పు చేసినోడు వణికేవాడు. ఇప్పుడు నాయకులు టీవీల్లో ఒకరినొకరు కాణిపాకానికి రమ్మని సవాళ్లు విసురుకుంటున్నారు. ఓటుకు నోటు చేతిలో పెట్టి, దేవుని పటం మీద ప్రమాణం చేయించుకునేవాళ్లు కూడా తయారైనారు. డబ్బిచ్చేది పాపం, దానికి దేవుణ్ణి సాక్షిగా పెట్టడం ఇంకా పెద్ద పాపం.

చట్టం లేదా అంటే ఉంది. మతం పేరుతో ఓటడగడం అవినీతి అని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ చెబుతోంది. అడిగే అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి ఓటడిగినా తప్పేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టులో ఏడుగురు జడ్జీల బెంచి మెజారిటీ తీర్పిచ్చింది. అయినా మేనిఫెస్టోలు చూడండి. అర్చకులకు ఇంత, ఇమాములకు ఇంత, పాస్టర్లకు ఇంత అని పంపకాలు. దిక్కులేని పల్లె గుడిలో దీపం వెలగాలని ధూప దీప నైవేద్యం పథకం పెడితే నేను కాదనను, అది మంచి పనే. ఆ దీపం చూపించి ఓటడగడమే తప్పు.

మా జిల్లాలో ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయినవాళ్లున్నారు. 1995లో పుట్టపర్తి సత్యసాయిబాబా తాగునీటి పథకం మొదలుపెట్టి ఏడు వందలకు పైగా పల్లెలకు నీళ్లిప్పించినాడు. ఏ మతమోడివని ఎవరినీ అడగలేదు, ఓటూ అడగలేదు. ప్రభుత్వాలు చేయాల్సిన పని ఒక ఆశ్రమం చేసింది. భక్తుల మనసు ఎట్లా గెలవాలో పార్టీలు అక్కడ నేర్చుకోవాల్సింది.

నాయనలారా, భక్తుల ఓట్లు కావాలా? గుడి హుండీ లెక్క సరిగ్గా చెప్పండి. ఆలయ కమిటీల్లో మీ కార్యకర్తల్ని కాదు, దేవుడంటే భయమున్నవాళ్లని కూచోబెట్టండి. మాన్యం భూములు ఆక్రమించుకున్నోడు మీ పార్టీవాడైనా ఖాళీ చేయించండి. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు చివరి చేను దాకా పారించండి. మిరపకు ధర ఇప్పించండి. ఇవి చేసిన పార్టీకి మా ఊర్లలో నామం పెట్టుకున్నోడూ ఓటేస్తాడు, విభూతి పెట్టుకున్నోడూ ఓటేస్తాడు, నమాజు చేసేవాడూ, చర్చికి పోయేవాడూ వేస్తాడు. ఇవేవీ చేయకుండా కండువాలేసుకొని గుడి మెట్లెక్కేవాళ్లను ఓటర్లే వెనక్కి పంపాలి.