గైడుగారి వాక్యమునకు టీకాతాత్పర్యములు

మూలము: “ఏమ్మా, నువ్విచ్చింది చూశాను. బాగానే ఉంది. ఇంకొంచెం చదివి, తీరిగ్గా రాసుకురా.”

అవతారిక: పిహెచ్.డి.లో చేరి, కోర్స్‌వర్కు తరగతులకు హాజరగుచు, పరిశోధనాంశ మింకను స్థిరపడక, గ్రంథాలయమునకును గైడుగారి గదికిని నడుమ సంచరించు ప్రథమవత్సరపు స్కాలరునుద్దేశించి, మీటింగునకు బయలుదేరుచు, తలుపునకు తాళము వేయుచు, గైడుగారు సెలవిచ్చిన వాక్యమిది. మెతుకుసీమవాడైన వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరికి ఇట్టి మూలము లభింపలేదు. లభించియున్నచో మేఘసందేశము జోలికి పోవుటకు ఆ మహానుభావునకు తీరిక చిక్కియుండదు.

టీక: ఏమ్మా = వాత్సల్యార్థక సంబోధనము. పేరు జ్ఞప్తికి రాకపోవుటయే దీనికి హేతువని కొందఱందురు గాని, యు.జి.సి. వారి 2022 నాటి నిబంధనల ననుసరించి ప్రొఫెసరునకు ఎనమండుగురు, అసోసియేటు ప్రొఫెసరునకు ఆర్గురు, అసిస్టెంటు ప్రొఫెసరునకు నల్గురు స్కాలరులకు మించి యుండరాదు గనుక ఆ మతము నిలువదు. చూశాను = పుటలు తిరుగవేసితిని; బాగానే = ఇచ్చటి ఏకారము అవధారణార్థకము, అది లేనిచో మెప్పు, చేరినచో ఓర్పు; ఇంకొంచెం = శోధ్‌గంగలో ఈ విషయముపై నున్న సిద్ధాంతగ్రంథములన్నియు; తీరిగ్గా = వచ్చే వారమునకు.

తాత్పర్యము: “ఇతరులు చెప్పినదంతయు వరుసగా పేర్చితివి గాని, వారు చెప్పక విడిచినదేదో, దానిని నీవేల పట్టుకొంటివో ఒక్క వాక్యమునను పలుకవైతివి, నీ ప్రశ్న యేదో నాకు కనబడలేదు, నీకు కనబడినట్లును తోపలేదు, కనబడినవెంటనే రమ్ము” అని భావము.

విశేషములు: ‘తీరిగ్గా’ అను పదము జె.ఆర్.ఎఫ్. పొంది నెలకు 37,000 రూపాయలు గైకొనువారికి శ్రుతిమధురము. ఆ భాగ్యము లేక, ఉదయము ప్రైవేటు కళాశాలలో పాఠములు చెప్పుకొని మధ్యాహ్నము గ్రంథాలయమునకు పరుగెత్తువారి చెవికి అదియే ములుకు. ఈ భేదమును గైడులు గుర్తింపకపోవుట మాత్రము మాకు సమ్మతము కాదు. ఇక వాక్యమందలి సందిగ్ధతకు ఉపాయమొకటి కలదు. నాటి సాయంకాలమే, “తమరు సెలవిచ్చినది ఇట్లు గ్రహించితిని, ఫలానా వ్యాసములు చదివి, ఫలానా తేదీకి ఇంతభాగము వ్రాసి తెత్తును” అని మెయిలు పంపవలెను. ప్రత్యుత్తరము రానేరాదు, రాకున్నను నష్టము లేదు. సెమిస్టరున కొక పర్యాయము పరిశోధనా సలహా సంఘము నెదుట నిలిచినపుడు, ఆ సంఘమునకు కన్వీనరును గైడుగారే యగుటచే, “ఈ దారి పట్టుమని నీకెవరు చెప్పిరి?” అని వారే ప్రశ్నించు ప్రమాదము కలదు, అప్పుడు ఆ మెయిలే శిలాశాసనమై అక్కఱకు వచ్చును.

పాఠాంతరము: ‘చూశాను’ అనుచోట ‘చూస్తాను’ అని కొన్ని ప్రతులందు కలదు. అట్లైన ‘బాగానే ఉంది’ అను దానితో అన్వయము పొసగదని నూతన స్కాలరులు ఆక్షేపింతురు. సీనియరులు ఆక్షేపింపరు.