గురి

శకునికి కనీసం పాచికలు కావలసి వచ్చాయి. ఇయాగోకి ఒక్క చేతిరుమాలు చాలింది.

షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’లో ఈ మహానుభావుడు ఒథెల్లోకి అతని భార్య డెస్డెమోనా మీద తిన్నగా చాడీ చెప్పడు. సగం మాట అని నాలుక కరుచుకుంటాడు. మిగతా సగం చెప్పమని ఒథెల్లో చేతే బతిమాలించుకుంటాడు. పైగా, అనుమానం పెట్టుకోకండి ప్రభూ, మనిషిని తినేస్తుంది అని హితబోధ! గుట్టు రట్టయ్యేదాకా దాదాపు అందరికీ అతను నిజాయితీపరుడే.

ప్రేక్షకుల దగ్గర మాత్రం దాపరికం లేదు. ఎవరికి ఎక్కడ గొయ్యి తవ్వబోతున్నాడో వేదిక ముందుకొచ్చి పూసగుచ్చినట్టు చెప్పేస్తాడు. కాబట్టి నాటకంలో ఎవరు మోసపోయినా హాల్లో ఉన్నవాడు మోసపోడు. అలాగని మనం అనుకుంటాం.

1822 ఆగస్టులో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఈ నాటకం ఆడుతున్నారట. మరుసటి ఏడు అచ్చయిన పుస్తకంలో ఫ్రెంచి రచయిత స్టెంధాల్ ఈ ముచ్చట రాశాడు. హాల్లో ఒక సిపాయి తుపాకీతో కాపలా ఉన్నాడు. అయిదో అంకం. ఒథెల్లో భార్యను చంపడానికి సిద్ధమయ్యాడు. సిపాయికి రక్తం ఉడికిపోయింది. తుపాకీ ఎత్తి పేల్చేశాడు.

ఇయాగో మీద అనుకుంటున్నారా? కాదు, ఒథెల్లో మీద. నేనుండగా ఒక నల్లవాడు తెల్ల ఆడదాన్ని చంపడమా అని అరిచి మరీ కాల్చాడు. నాటకం మొదట్లో, వెనిస్‌లో అర్ధరాత్రి డెస్డెమోనా తండ్రి కిటికీ కింద నిలబడి ఇయాగో వేసిన కేకలూ ఇవే, పశువుల పేర్లతో: నల్ల పొట్టేలు, నీ తెల్ల గొర్రె. ముసలాయన వెంటనే ఆయుధాలు తెమ్మని అరిచాడు. రెండు శతాబ్దాల తర్వాత, సముద్రం అవతల, ఈ సిపాయి చేతిలో ఆయుధం సిద్ధంగానే ఉంది.

నాటకాన్ని నిజమనుకోవడమంటే ఇదీ అని స్టెంధాల్ ఉదాహరణగా చూపించాడు. సిపాయి నమ్మింది నాటకాన్నా, ఇయాగోనా అన్నది నా సందేహం.

గుండు వృథా పోలేదు. ఒథెల్లో వేషగాడి చెయ్యి విరిగింది. ఇయాగో ఒంటిమీద గీత కూడా పడలేదు.

అన్నట్టు, ఆ రోజుల్లో అక్కడి తెల్లవాళ్ల నాటకశాలల్లో ఒథెల్లో వేషం కట్టేది కూడా తెల్లవాళ్లే, ఒంటికి రంగు పూసుకుని. కట్టు కట్టే ముందు డాక్టరు ఆ చేతికున్న నలుపు కడగాల్సి వచ్చి ఉంటుంది.