కొల్లేటి చాంతాడంత ప్లాను

దసరా సెలవుల తేదీలు పేపర్లో పడ్డాయంటే చాలు, ప్రతి బంధువర్గంలోనూ ఒక మేధావి నిద్ర లేస్తాడు. మిగతా ఏడాదంతా ఆయన మామూలు మనిషే. కరెంటు బిల్లు కూడా ఆఖరి రోజునే కడతాడు. సెలవులనేసరికి మాత్రం ప్రణాళికా సంఘం ఆయన్ను ఆవహిస్తుంది. ఆయన్ను ప్లాను బావగారందాం. కాపురం కూకట్‌పల్లిలో. పుట్టింది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూళ్ళోనే, కాకపోతే ఇంటర్ అయ్యాక ఆ ఊరితో ఆయనకున్న సంబంధం సంక్రాంతికి రెండ్రోజులు, పెళ్ళిళ్ళకు ఒక పూట. ఈసారి ఆ లోటంతా ఒకే వారంలో తీర్చేద్దామని కూర్చున్నారు.

"వారం రోజులు. సిటీ, పల్లె రెండూ కవర్ అవుతాయి. చాలా రియలిస్టిక్‌గా వేశాను" అంటూ కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఎక్సెల్ షీటు పెట్టారు. గడిగడికీ టైము ఉంది, అది కూడా నిమిషాలతో సహా. రియలిస్టిక్ అంటే అదేనని ఆయన నమ్మకం.

ఆ కొల్లేటి చాంతాడు ఇలా సాగుతుంది. మొదటి రోజు విజయవాడ: దుర్గమ్మ దర్శనం, ప్రకాశం బ్యారేజి, ఉండవల్లి గుహలు, రాత్రికి ఏలూరు. రెండో రోజు పెదవేగి, గుంటుపల్లి, ద్వారకా తిరుమల, "వీలైతే" జంగారెడ్డిగూడెం. మూడో రోజు కొల్లేటిలో సూర్యోదయం, కొల్లేటికోట పెద్దింట్లమ్మ, ఆటపాక పక్షులు, మళ్ళీ కొల్లేటిలోనే సూర్యాస్తమయం. నాలుగో రోజు భీమవరం, పాలకొల్లు, నర్సాపురం, పంటు దాటి అంతర్వేది. అయిదో రోజు పాపికొండలు. ఆరో రోజు మారేడుమిల్లి. ఏడో రోజు "రిలాక్స్", అంటే ఆత్రేయపురంలో పూతరేకులు కొనుక్కుని రాజమండ్రిలో రైలెక్కడం. మొత్తం షీటులో నిజాయితీ గల మాట ఒక్కటే ఉంది: "వీలైతే".

మొదటి గడి నుంచే మొదలుపెడదాం. దసరా నవరాత్రుల్లో ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనానికి బావగారు కేటాయించింది నలభై అయిదు నిమిషాలు. మూలా నక్షత్రం నాడు సరస్వతీ అలంకారంలో ఉన్న అమ్మవారి కోసం తెల్లవారకముందే క్యూలో నిలబడ్డ జనానికి ఈ సంగతి తెలిస్తే దారిచ్చి పంపేవారేమో. చెప్పులు విడిచిన చోటు మళ్ళీ వెతుక్కోవడానికే నలభై అయిదు నిమిషాలు పట్టే రోజులవి.

రెండో రోజు చూడండి. పెదవేగికి అరగంట. శాలంకాయనులు ఏలిన వేంగి అది. తూర్పు చాళుక్యులు వేంగీ చాళుక్యులని పేరు తెచ్చుకున్నది దాని వల్లే. సరే, కోటలూ మేడలూ మిగల్లేదు కాబట్టి అరగంట చాలంటారేమో, ఒప్పుకుందాం. కానీ జీలకర్రగూడెం కొండ మీది గుంటుపల్లి కూడా అరగంటేనట! మెట్లెక్కి ఆయాసం తీర్చుకోవడానికే సగం పోతుంది. క్రీస్తుకు పూర్వం బౌద్ధ భిక్షువులు రాతిని తొలిచి చేసుకున్న గుహలవి. గుండ్రటి చైత్యంలో పైకప్పు చూస్తే చెక్క వాసాలే అనుకుంటాం, అన్నీ రాతిలో చెక్కినవే. ఆ భిక్షువులు అక్కడ వర్షావాసమని వానాకాలమంతా కదలకుండా ఉండేవారు. బావగారు పది నిమిషాల్లో సెల్ఫీ తీసుకుని కిందికి దిగుతారు. ఎవరికి జ్ఞానోదయమైందో చరిత్ర తేలుస్తుంది.

ఆ సాయంత్రం ద్వారకా తిరుమల. చిన్న తిరుపతి కదా, రద్దీ కూడా చిన్నదే అనుకున్నారు. చిన్న వెంకన్నకు ఏటా కల్యాణోత్సవాలు రెండుసార్లు, వైశాఖంలో ఒకటి, ఆశ్వయుజంలో ఒకటి. బావగారు వచ్చేది సరిగ్గా ఆశ్వయుజంలోనే. ఆ రోజుల్లో గది దొరికితే అదే స్వామివారి ప్రత్యక్షం.

ఇక మూడో రోజు. ఈ రోజు గురించి కాస్త నింపాదిగా మాట్లాడుకోవాలి, ప్లాను మునిగేది ఇక్కడే కాబట్టి.

కైకలూరు నుంచి కొల్లేటికోట వైపు కొంత దూరం వెళ్ళాక బావగారు కారాపి, గట్టు మీద నిలబడి, "ఇంతకీ కొల్లేరెక్కడ?" అని అడుగుతారు. ఆయన నిలబడ్డది కొల్లేట్లోనే. కనుచూపు మేరా చేపల చెరువులు, వాటి గట్లు, గట్ల మీద పాకలు, నీళ్ళలో కర్రలకు వేలాడే మేత సంచులు. ఫొటోలో చూసిన నీలి సరస్సూ, అందులో తేలే తామరాకులూ ఏవని వెతుకుతున్నారు. పాపం, ఆయనకు ఎవరూ చెప్పలేదు. కొల్లేటికి ఒక సైజంటూ లేదు. సముద్రమట్టానికి ప్లస్ 10 అడుగుల కాంటూరు దాకా నీరు నిండితే 901 చదరపు కిలోమీటర్లు, ప్లస్ 5 దగ్గర 308. 1999లో అభయారణ్యంగా ప్రకటించిందీ, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కిందీ ఈ సరస్సే. అంతకు ముందు 1970ల్లో మత్స్యకారుల సహకార సంఘాలకు చెరువులు తవ్వించి ఇచ్చిందీ సర్కారే, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువు గట్లు పేల్చిందీ సర్కారే. పేల్చిన గట్లు చాలాచోట్ల తిరిగి లేచాయి. కాబట్టి "కొల్లేరు, ఉదయం 5:50 నుంచి 6:30" అని రాసే ముందు ఏ కొల్లేరో కూడా రాయాలి: మ్యాపులోదా, జీవోలోదా, నీటిలోదా?

కొల్లేటికోటకు బావగారి లెక్కలో కైకలూరు నుంచి పావుగంట. స్థానికులు చెప్పుకునే కథ ఒకటుంది. గజపతుల కోట ఈ లంక మీద ఉండేదట. చుట్టూ నీళ్ళే కాపలా కావడంతో శత్రుసైన్యం ఒడ్డున ఆగిపోయి, చివరికి సరస్సు నీటిని సముద్రానికి వదిలేద్దామని ఉప్పుటేరు తవ్వడానికి పూనుకుందట. కథలో నిజమెంతో గాని, ఒక విషయం మాత్రం స్పష్టం. ఆ సేనాపతి దగ్గర ఎక్సెల్ లేకపోయినా నీళ్ళున్నాయన్న స్పృహ ఉంది. బావగారి దగ్గర ఆ ఒక్కటే లేదు. ఇప్పుడు రోడ్డుంది, నిజమే. ఆ రోడ్డు ఎప్పుడు రోడ్డుగా ఉండాలో, ఎప్పుడు ఏరుగా మారాలో నిర్ణయించేది ఆర్ అండ్ బీ శాఖ కాదు, బుడమేరు, తమ్మిలేరు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్ళు తర్వాత ఎటు పోయాయనుకున్నారు? ఇటే వచ్చాయి. లంక గ్రామాలను చుట్టుముట్టాయి. పై నుంచి వచ్చేది ఎంతైనా, కిందికి పోయే ప్రధాన దారి ఉప్పుటేరు ఒక్కటే. అది కూడా అరవై కిలోమీటర్ల పైచిలుకు నడిచి సముద్రం చేరాలి. విజయవాడలో వాన వెలిశాక ఎండ కాస్తుంటే ఇక్కడ అప్పుడే నీరు పెరుగుతుంటుంది. వాతావరణం యాప్‌లో ఎండ బొమ్మ చూసుకుని బయల్దేరినవారికి ఈ సంగతి చెప్పాల్సింది ఆటో ఆయనే: "ఆ రోడ్డు మీద నీళ్ళున్నాయండి బాబూ. మోటార్ సైకిలే ఆగిపోతంది, కారెలా ఎల్తాదండీ? రెండ్రోజులాగి సూద్దారండి."

రెండ్రోజులు ఆగడమా? షీటులో ఆ గడే లేదు.

ఆటపాకలో పెలికాన్లను చూడాలనీ రాశారు. మంచి కోరికే. చెట్లు చాలక అటవీ శాఖ ఇనుప స్టాండ్లు పెడితే, పక్షులు ఏ పేచీ పెట్టకుండా వాటి మీద కూడా గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెంచుతున్నాయి. కానీ అక్కడ సందడి చూడాలంటే నవంబరు తర్వాత రావాలి. దసరా సెలవులతో పెలికాన్లకు ఏ ఒప్పందమూ లేదు. పెద్దింట్లమ్మ జాతర కూడా చూద్దామంటున్నారు బావగారి మరదలు గారు. అది ఫాల్గుణ మాసంలో. ఆశ్వయుజంలో అడిగితే అమ్మవారు మాత్రం ఏం చేస్తారు?

నాలుగో రోజుది మరీ విడ్డూరం. భీమవరం గునుపూడిలో సోమేశ్వరుడి లింగం పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకు నల్లగా కనిపిస్తుందని భక్తుల నమ్మకం. రెండు రంగులూ చూసి రావాలని గడిలో రాశారు. వారం రోజుల యాత్రలో పౌర్ణమినీ అమావాస్యనూ ఇరికించిన ఘనత పంచాంగకర్తలకు కూడా లేదు. పాపికొండలకైతే ఎగతాళి కూడా వద్దు. గోదావరికి వరదుంటే బోట్లు ఆపేస్తారు, ఆపాలి కూడా. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదాట్లో బోటు మునిగి పదుల ప్రాణాలు పోయాయి. "టికెట్లు ముందే బుక్ చేశాం కదా" అన్నది నది దగ్గర చెల్లే వాదన కాదు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, బావగారు శరదృతువును సినిమాల్లో చూశారు. ఎర్రబడిన ఆకులు రాలుతుంటాయి, మెడలో మఫ్లరు, చేతిలో కాఫీ కప్పు. మన కోస్తాలో ఈ రుతువుకు వెన్నెలా ఉంది, వాయుగుండమూ ఉంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది నర్సాపురం దగ్గరే. బావగారి షీటులో నర్సాపురానికి మధ్యాహ్నం భోజనం, లేసు అల్లికల షాపింగ్ మాత్రమే ఉన్నాయి. తుపానుకు వేరే గడి పెట్టలేదు. అది వచ్చి అన్ని గడుల్లోనూ కూర్చుంటుంది.

ఇదంతా బావగారొక్కరి జబ్బే అయితే ఇంత రాయక్కర్లేదు. జాతికంతా ఉంది. కార్తీకమాసం వస్తే ఆదివారం రాత్రి బస్సెక్కి, అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట, అయిదు పంచారామాలూ సోమవారం ఒక్కరోజులో చుట్టేసి రావడం మనకు పుణ్యమూ, రికార్డూ కూడా. ఆ భక్తిని నేనేమీ అనను. ఉపవాసంతో, నిద్ర లేకుండా తిరిగేది వ్రతం. వ్రతం పట్టినవారికి కష్టమే ఫలం. పిల్లాపాపలతో విహారానికి బయల్దేరి అదే పద్ధతిలో పరుగులు పెట్టేవారికి ఏ ఫలం? ఊరు చూడ్డం మానేసి హాజరు వేయించుకుంటున్నాం. "కవర్ చేశాం" అంటాం. నిజమే, కప్పేశాం.

పాలకులు బావగారికి పెద్దన్నలు. లంబసింగి ఆంధ్రా కశ్మీర్, అరకు ఆంధ్రా ఊటీ, కోనసీమ ఆంధ్రా కేరళ, గండికోట మన గ్రాండ్ కాన్యన్. ఏ ఊరినీ దాని పేరుతో పిలవడానికి మనకు నోరు రాదు. కొల్లేటికి ఇంకా ఏ ఊరి పేరు అంటించాలో తేలనట్టుంది, తేలితే బోర్డు పాతేస్తారు. బావగారు ఒక వారానికి గడులు గీశారు, ప్రభుత్వాలు యాభై ఏళ్ళుగా గీస్తున్నాయి: చెరువులని ఒకసారి, అభయారణ్యమని ఒకసారి, కాంటూరు తగ్గిద్దామని ఒకసారి, పర్యాటకమని ఒకసారి. ప్రతి ప్లానులోనూ కొల్లేరు ఉంది. నీళ్ళు ఎటు వస్తాయి, ఎటు పోతాయి, ఆ నీళ్ళ మధ్య ఉన్నవాళ్ళు ఏం తిని బతుకుతారు అన్న గడి మాత్రం ఎప్పుడూ ఖాళీయే.

"అయితే నువ్వే వెయ్యి చూద్దాం" అంటారు బావగారు. వేస్తాను. ముందు మారేడుమిల్లి, పాపికొండలు, అంతర్వేది, విజయవాడ కొట్టేయండి. వాటికి వేరే సెలవులున్నాయి. సెలవు మార్చుకునే వీలుంటే దసరాకు కాక కార్తీకం చివర్లో రండి, అప్పటికి వాన తగ్గుతుంది, పక్షులు చేరతాయి, సార్వా వరి కోతకొస్తుంది. బస రెండే చోట్ల పెట్టుకోండి. ఏలూరులో మూడు రాత్రులు: ఒక రోజంతా గుంటుపల్లి, ఒక పూట పెదవేగి, ఒక పూట తంగెళ్ళమూడిలో ఏలూరు తివాచీ నేసే మగ్గం ముందు. గంటకు ఎన్ని ముళ్ళు పడతాయో లెక్కపెడితే టైమంటే ఏమిటో తెలుస్తుంది. తర్వాత కైకలూరులో మూడు రాత్రులు, అందులో ఒక రోజు ఏమీ రాయకుండా వదిలేయండి, దాన్ని నీళ్ళు తీసుకుంటాయి. తీసుకోకపోతే చేపలు పట్టే చోటికి వెళ్ళండి. బొచ్చె, శీలావతి ఐసు మధ్య పెట్టెల్లో సర్దుకుని లారీలెక్కి బెంగాల్ దాకా ఎలా వెళ్తున్నాయో చూడండి. మనకంటే పద్ధతిగా ప్రయాణం చేసేది అవే. ఆఖరి రోజు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు. కర్నూలు నుంచీ మహారాష్ట్ర నుంచీ వచ్చిన సరుకు ఇక్కడ చేతులు మారుతుంటుంది. బావగారి షీటులో సొంత ఊరి పక్కనున్న ఈ పట్నానికి దక్కింది "టీ బ్రేక్, పది నిమిషాలు".

ఈ ప్లాను చూసి ఆయన నొచ్చుకున్నారు. "ఏడు రోజులకు ఇంతేనా? జనం అడిగితే ఏం చెప్పాలి?" అన్నారు. అదీ సంగతి. ప్లాను వేసింది చూడ్డానికి కాదు, చెప్పడానికి. చెప్పడమే పనైతే కూకట్‌పల్లిలోనే కూర్చుని ఫొటోలు దింపుకుని గ్రూపులో పెట్టేయొచ్చు, డీజిలు ఖర్చు కలిసొస్తుంది. రావాలనుంటే మాత్రం ఎక్సెల్ తెరిచే ముందు కైకలూరు లాడ్జికి ఒక ఫోను కొట్టండి. గదులున్నాయా అని తర్వాత అడగొచ్చు. ముందు అడగాల్సింది కొల్లేట్లో పెద ఎడ్లగాడి దగ్గర నీటిమట్టం ఎంతుందండీ అని.